చూపు లేని యంత్రం – చూపు ఉన్న యంత్రం

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. ఇంటి పరిశుభ్రత ఆ ఇంటివారి సంస్కారానికి అద్దం పడుతుందని ఈ సామెత తాత్పర్యం. అయితే ఆ పరిశుభ్రత వెనుక ఉన్న శ్రమను గురించి సామెత ఏమీ చెప్పదు. వంట చేస్తే తిన్నవారు మెచ్చుకుంటారు. ముగ్గు వేస్తే దారిన పోయేవారు సైతం ఆగి చూస్తారు. ఇల్లు ఊడిస్తే మాత్రం ఎవరి దృష్టీ దానిపై పడదు. ఊడ్వని నాడే అందరి దృష్టీ పడుతుంది. ఉదయం ఊడ్చిన గదిలో సాయంత్రానికి మళ్ళీ దుమ్ము చేరుతుంది. అంతు లేనిది, గుర్తింపు లేనిది, నడుము వంచక తప్పనిది ఈ పని. ఇటువంటి పనిని యంత్రానికి అప్పగించాలన్న కోరిక మనిషికి కలగడంలో ఆశ్చర్యం లేదు. ఆ కోరిక ఫలించి దాదాపు పాతికేళ్ళయింది. ఈ కాలంలో ఊడ్చే యంత్రం ఎంతగా మారిందో, దానిని కొనుక్కున్నవారి అనుభవాలూ అంతగా మారాయి.

స్వీడన్ దేశానికి చెందిన ఎలక్ట్రోలక్స్ సంస్థ తనంతట తాను తిరుగుతూ దుమ్మును పీల్చుకొనే యంత్రపు నమూనాను 1996లో లోకానికి చూపింది. 2001లో 'ట్రైలోబైట్' అనే పేరుతో దానిని విపణిలో ప్రవేశపెట్టింది. కోట్ల సంవత్సరాల క్రితం సముద్రగర్భంలో పాకుతూ జీవించి అంతరించిపోయిన ప్రాణి పేరది. ఈ యంత్రం ధర సామాన్యులకు అందుబాటులో లేదు. మరుసటి సంవత్సరం, అంటే 2002లో, అమెరికాకు చెందిన ఐరోబోట్ సంస్థ 'రూంబా'ను విడుదల చేసింది. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన రాడ్నీ బ్రూక్స్, కోలిన్ యాంగిల్, హెలెన్ గ్రైనర్ అనే ముగ్గురు 1990లో స్థాపించిన సంస్థ ఇది. సుమారు 200 డాలర్ల ధరకు లభించిన రూంబా త్వరలోనే మధ్యతరగతి ఇళ్ళలోకి ప్రవేశించింది.

తొలినాటి రూంబా చూడడానికి పెద్ద పళ్ళెం వలె గుండ్రంగా ఉండేది. దానికి కన్నులు లేవు. ఇల్లు ఎంత ఉన్నదో, తాను ఏ గదిలో ఉన్నదో దానికి తెలియదు. ముందు భాగాన ఉన్న కదిలే పట్టీ గోడకో, కుర్చీకాలికో తగిలితే అడ్డు ఉన్నదని గ్రహించి మరొక దిక్కుకు తిరిగేది. అడుగున ఉన్న పరారుణ కిరణాల సెన్సార్లు నేలను తడుముతూ, మెట్ల అంచు రాగానే ఆగిపొమ్మని హెచ్చరించేవి. కొంతసేపు సుడులు తిరిగి, కొంతసేపు గోడ వెంబడి సాగి, మిగిలిన కాలమంతా తోచిన దిక్కుకు పోయేది. కొత్తగా చూసినవారికి గుడ్డెద్దు చేలో పడినట్లే అనిపించేది. కాని ఆ తిరుగుడులో ఒక యుక్తి ఉన్నది. కీటకాలు ప్రపంచపటాన్ని తలలో దాచుకొని తిరగవు. ఎదురైన దానికి తగినట్లు క్షణక్షణం స్పందిస్తాయి. ఆ సరళమైన స్పందనల కలయికతోనే అవి బ్రతుకు సాగిస్తాయి. బ్రూక్స్ తన పరిశోధనలో ప్రతిపాదించిన మార్గం ఇటువంటిదే. అటూ ఇటూ తిరుగుతూ తగినంత సమయం గడిపితే గదిలో ఎక్కువ భాగాన్ని యంత్రం ఏదో ఒక సమయంలో తాకకపోదు.

ఈ పాత యంత్రాల యజమానులకు కలిగిన చిక్కులు తక్కువేమీ కావు. నేలపై పడి ఉన్న తీగను అది చుట్టుకొనేది. తివాచీ కుచ్చులను నమిలి కదలలేక నిలిచిపోయేది. మంచం క్రింద దూరి, బ్యాటరీ అయిపోయి, అక్కడే పడి ఉండేది. నల్లని తివాచీపై పరారుణ కాంతి వెనుదిరిగి రాదు గనుక, దానిని అగాధమని భ్రమించి అంచున ఆగిపోయేది. పెంపుడు కుక్క చేసిన మలినం దారిలో ఉంటే ఇల్లంతా పులిమిన సంఘటనలు కూడా ఉన్నాయి. వారానికొకసారి బ్రష్షుకు చుట్టుకున్న వెంట్రుకలను కత్తెరతో కత్తిరించడం యజమానికి తప్పని పని. సేవకుని పెట్టుకొని, ఆ సేవకునికే సేవ చేయవలసి వచ్చిందని పలువురు నవ్వుకున్నారు.

అయినప్పటికీ వారు ఆ యంత్రాన్ని ప్రేమించారు. అమెరికాలోని జార్జియా సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు రూంబా యజమానులతో మాట్లాడి 2007లో ఒక పరిశోధనపత్రాన్ని వెలువరించారు. పలువురు తమ యంత్రానికి పేరు పెట్టుకున్నారని, దానిని ఆడదిగానో మగవానిగానో భావించి మాట్లాడారని, దానికి ఒక స్వభావాన్ని ఆపాదించారని అందులో తేలింది. యంత్రం చిక్కుకోకుండా ముందుగానే నేలపై వస్తువులను తీసి సర్దినవారు కూడా ఉన్నారు. తెలివితేటలు కలదానిని మనిషి గౌరవిస్తాడు. తడబడుతూ, దెబ్బలు తింటూ, అయినా పని మానని దానిని చూసి జాలిపడతాడు. ఆ జాలిలో నుండే ఆత్మీయత పుడుతుంది. తప్పటడుగులు వేసే పసివాని దారిలో వస్తువులను తొలగించే తల్లి మనస్సు వంటిదే ఇది.

పాత యంత్రానికి మరొక సుగుణం ఉన్నది. 2007లో వచ్చిన రూంబా 500 శ్రేణిలో చక్రాలు, బ్రష్షుల పెట్టె, బ్యాటరీ వంటి భాగాలను స్క్రూడ్రైవర్‌తో విప్పి విడివిడిగా మార్చుకొనే వీలు కల్పించారు. చక్రం అరిగితే చక్రాన్ని, బ్యాటరీ నీరసిస్తే బ్యాటరీని మార్చుకొని, ఒకే యంత్రాన్ని పదేళ్ళకు పైగా వాడుకున్నవారు ఉన్నారు. దానికి ఇంటర్నెట్ అక్కరలేదు, సెల్‌ఫోన్ అక్కరలేదు. మీట నొక్కితే బయలుదేరుతుంది; మళ్ళీ నొక్కితే ఆగుతుంది.

క్రమంగా యంత్రానికి చూపు వచ్చింది. 2010లో నియాటో అనే అమెరికా సంస్థ గిరగిర తిరిగే లేజర్ కిరణంతో చుట్టూ ఉన్న గోడల దూరాలను కొలిచే యంత్రాన్ని విడుదల చేసింది. అది తాను ఎక్కడ ఉన్నదో తెలుసుకుంటూనే, అదే సమయంలో ఇంటి పటాన్ని గీసుకుంటుంది. 2015లో వచ్చిన రూంబా 980 కెమెరా సాయంతో ఈ పనినే చేసింది. మొబైల్ యాప్ ద్వారా ఆజ్ఞలు స్వీకరించింది. తాను పోగుచేసిన చెత్తను తన స్థావరంలోని సంచిలోకి వదిలే రూంబా 2018లో వచ్చింది. అటుపై చైనా సంస్థలు రంగప్రవేశం చేసి, ఊడ్వడంతో పాటు తడిగుడ్డతో తుడవడం, ఆ గుడ్డను తానే ఉతికి ఆరబెట్టుకోవడం వంటి నేర్పులను యంత్రానికి అలవరచాయి. తీగలను, చెప్పులను, కుక్క మలినాన్ని చూసి గుర్తించి తప్పుకొనే యంత్రాలు కూడా వచ్చాయి.

పాతదాని నుండి కొత్తదానికి మారినవారి మొదటి అనుభూతి ఆశ్చర్యం. నాగలి చాలు వలె వరుస తప్పకుండా సాగే ఆ నడక వారిని ముగ్ధులను చేస్తుంది. గంటన్నర పట్టే పని అరగంటలో ముగుస్తుంది. వంటగది మాత్రమే ఊడ్వమంటే వంటగదినే ఊడుస్తుంది. కార్యాలయంలో కూర్చుండి ఆజ్ఞాపిస్తే ఇంట్లో పని మొదలవుతుంది. వృద్ధులకు, నడుము నొప్పితో బాధపడేవారికి, వంగలేని వికలాంగులకు ఇది సౌకర్యం మాత్రమే కాదు, ఒకరిపై ఆధారపడకుండా బ్రతికే స్వేచ్ఛ. దీనిని తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు.

కాని చూపు ఉచితంగా రాలేదు. ఇంటిని చూసే యంత్రం ఇంటిలోని మనుషులను కూడా చూస్తుంది. అభివృద్ధి దశలో ఉన్న కొన్ని రూంబా యంత్రాలు 2020లో ఇళ్ళలో తీసిన చిత్రాలు, వాటిని వర్గీకరించే ఒప్పంద కార్మికుల చేతికి చేరి, అక్కడి నుండి సామాజిక మాధ్యమాల బృందాలలోకి పొక్కాయని 2022 డిసెంబరులో ఎం.ఐ.టి. టెక్నాలజీ రివ్యూ పత్రిక వెల్లడించింది. స్నానాలగదిలో ఉన్న స్త్రీ చిత్రం కూడా వాటిలో ఉన్నది. అవి ప్రయోగానికి సమ్మతించినవారి ఇళ్ళలోని ప్రత్యేక యంత్రాలే తప్ప, అంగడిలో అమ్మినవి కావని సంస్థ వివరణ ఇచ్చింది. 2024 మే నెలలో అమెరికాలోని కొన్ని నగరాలలో ఒక చైనా సంస్థ యంత్రాలను అపరిచితులు దూరం నుండి స్వాధీనం చేసుకొని, వాటి స్పీకర్ల ద్వారా ఇంటివారిని దుర్భాషలాడారు. నట్టింట తిరిగే పనిముట్టు నోట పరాయివాని తిట్లు వినవలసి రావడం ఎంత దుర్భరమో ఊహించవచ్చు. గోడలు తెలియని పాత యంత్రానికి చెప్పడానికి రహస్యమే లేదు.

మరొక చిక్కు ఇంతకంటె గంభీరమైనది. కొత్త యంత్రపు జ్ఞానంలో చాలా భాగం యంత్రంలో ఉండదు. ఎక్కడో దూరాన ఉన్న సంస్థ సర్వర్లలో ఉంటుంది. నియాటో సంస్థను దాని జర్మన్ యాజమాన్యం 2023లో మూసివేసింది. కనీసం ఐదేళ్ళు సర్వర్లను నడుపుతామని అప్పుడు మాట ఇచ్చింది. గడువు తీరకముందే, 2025లో, ఆ సేవను ఆపివేస్తున్నట్లు ప్రకటించింది. ఫలితంగా మోటారు చెడకపోయినా, లేజర్ మసకబారకపోయినా, సెల్‌ఫోన్ నుండి ఆజ్ఞలు అందుకొనే దారి మూసుకుపోయి, మీట నొక్కితే కదిలే యంత్రంగా మాత్రమే అది మిగిలింది. రూంబాను సృష్టించిన సంస్థ కూడా 2025 డిసెంబరులో దివాలా రక్షణ కోరుతూ న్యాయస్థానాన్ని ఆశ్రయించక తప్పలేదు. ఇక్కడే ఒక మౌలికమైన ప్రశ్న ఉదయిస్తుంది. సొమ్ము చెల్లించి ఇంటికి తెచ్చుకున్న వస్తువు కొన్నవానిదా, అమ్మినవానిదా? పాత యంత్రం అరిగి ఆగిపోయేది. కొత్త యంత్రాన్ని అరగకుండానే ఆపివేయవచ్చు. 2007 నాటి యంత్రం చక్రం మార్చితే నేటికీ తిరుగుతున్నది.

తెలుగు నేలకు వస్తే ఈ కథకు మరికొన్ని పాఠాంతరాలు ఉన్నాయి. ఇటువంటి యంత్రాలు చాలావరకు రెండు సెంటీమీటర్ల ఎత్తును మించి ఎక్కలేవు. పసుపు కుంకుమలు పెట్టి పూజించే పాత ఇంటి గడప వాటికి కోటగోడ. చదునైన గచ్చు కలిగిన నగరపు అపార్టుమెంట్లలో మాత్రం అవి ఇబ్బంది లేకుండా తిరుగుతాయి. పీల్చే యంత్రం కంటె తుడిచే యంత్రానికే ఇక్కడ ఎక్కువ అవసరం, ఎందుకంటే తడిగుడ్డ పెట్టనిదే ఇల్లు శుభ్రమైనట్లు మనవారు భావించరు. మూలల్లో, తలుపు వెనుక, దేవుని గది పీట క్రింద చీపురు చేసే పనిని ఏ గుండ్రని యంత్రమూ పూర్తిగా చేయలేదు.

అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. మన పట్టణాలలో చీపురు పట్టేది చాలా ఇళ్ళలో పనిమనిషి. నాలుగిళ్ళలో ఊడ్చి, తుడిచి, తన పిల్లలను చదివించుకొనే స్త్రీ ఆమె. యంత్రం కాలు విరిగితే విడిభాగం తెప్పిస్తారు. చిక్కుకుంటే మంచం క్రింద వంగి బయటకు తీస్తారు. దానికి ముద్దుపేరు పెడతారు. ఆమెకు జ్వరం వచ్చి రెండు రోజులు రాకపోతే మాత్రం జీతం కోసేవారు ఉన్నారు. ఏళ్ళ తరబడి వస్తున్నా ఆమె పేరు తెలియని ఇళ్ళు కూడా ఉన్నాయి. యంత్రంపై చూపే ఓపికలో సగమైనా మనిషిపై చూపలేకపోతే ఆ ఇంటి నేల ఎంత మెరిసినా ప్రయోజనం లేదు. శ్రమను తగ్గించే సాధనం రావడం మంచిదే. ఆ శ్రమ విలువను మరచిపోవడం మాత్రం మంచిది కాదు.

పాతొక రోత, కొత్తొక వింత అన్నది లోకరీతి. పాతదంతా మేలిమి బంగారమని నమ్మేవారూ లేకపోలేదు. రెండూ తూకం తప్పిన మాటలే. పాత యంత్రానికి చూపు లేదు, కాని అది పూర్తిగా యజమాని సొత్తు. కొత్త యంత్రానికి చూపు ఉన్నది, కాని ఆ చూపుపై మరొకరికీ హక్కు ఉన్నది. కావలసినది ఈ రెండింటి కలయిక. ఇంటిని చూసే యంత్రం తాను చూసినది ఇంటిలోనే దాచుకోవాలి. చెడితే విప్పి బాగుచేసుకొనే వీలుండాలి. తయారుచేసిన సంస్థ లేకపోయినా అది పనిచేయాలి. ఇటువంటి వస్తువును తయారుచేయడం సాంకేతికంగా అసాధ్యం కాదు. కొనేవారు అడగడమే తరువాయి. ధర ఎంత, నేర్పు ఎంత అని మాత్రమే కాక, ఇది ఎన్నాళ్ళు తనదిగా ఉంటుందని కూడా ప్రశ్నించడం నేర్చిననాడు వినియోగదారుడు నిజమైన యజమాని అవుతాడు. చూపు యంత్రానికి ఉంటే చాలదు, దానిని ఎంచుకొనే మనిషికి కూడా ఉండాలి.