హెర్షీలో పాత కార్ల సంత

మీ ఇంట్లో తాతగారి నాటి గోడగడియారం ఒకటి ఉన్నదనుకోండి. దానికి వేరే జబ్బేమీ లేదు, లోపల ఒక్క పళ్ళచక్రం విరిగింది. గడియారం చేసిన కంపెనీ ఏనాడో మూతపడింది. ఆ చక్రం బజారులో దొరకదు. అయితే ఎక్కడో, ఎవరి అటక మీదనో, అదే రకం గడియారం మరొకటి పడి ఉంటుంది. దాని పెట్టె పుచ్చిపోయింది, ముళ్ళు ఊడిపోయాయి, కాని మీకు కావలసిన చక్రం మటుకు నిక్షేపంలా ఉన్నది. అది ఆయన దగ్గర ఉన్నదని మీకు తెలియదు. దాని కోసం వెతికేవాళ్ళు ఉన్నారని ఆయనకూ తెలియదు. మీ ఇద్దరినీ ఒకచోట చేర్చగలిగితే గడియారం మళ్ళీ టిక్కుటిక్కుమంటుంది.

పాత మోటారు కార్లకు ఇలాటి చేర్పు చేసే సంత ఒకటి అమెరికాలో ఏటా జరుగుతుంది. అది పెన్సిల్వేనియా రాష్ట్రంలో, హెర్షీ అనే ఊళ్ళో, అక్టోబరు నెల మొదట్లో జరుగుతుంది. మీలో ఎవరికైనా ఆ దేశంలో అక్కయ్యో, మేనమామో ఉండి, ఆ రోజుల్లో మీరు అక్కడికి వెళ్ళటం తటస్థిస్తే, ఈ సంత చూడకుండా రాకండి. ఎలా చూడాలో చెబుతాను.

ముందు ఊరి సంగతి. మిల్టన్ హెర్షీ అనే ఆయన 1903లో పొలాల మధ్య చాకొలెట్ కర్మాగారం కట్టటం మొదలుపెట్టాడు. దాని చుట్టూ ఊరు వెలిసింది, ఊరికి ఆయన పేరే వచ్చింది. ఊళ్ళో పెద్ద వీధి పేరు చాకొలెట్ ఎవెన్యూ. ఆ వీధి దీపాలు కూడా ఆ కంపెనీ చేసే చిన్న చాకొలెట్ బిళ్ళల ఆకారంలో ఉంటాయి. మొదటి కర్మాగారం 2012లో మూతపడింది. ఊరి పడమటి వైపున ఉన్న కర్మాగారం ఇప్పటికీ చాకొలెట్లు చేస్తున్నది.

1935లో అమెరికాలో పాత కార్ల మీద మోజున్నవాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. 1955 నుంచి ఆ సంఘం హెర్షీలో శరదృతువులో కార్ల ప్రదర్శన జరుపుతున్నది. మొదట్లో కార్లు చూపించటమే పని. కొద్దిమంది మాత్రం తమ దగ్గర మిగిలిన సామాన్లు పక్కన పరుచుకుని కూర్చునేవారు. పిలక వేసిన మొక్క తల్లిమొక్కను మించిపోయినట్టు, ఆ పక్కవ్యాపారమే పెరిగి పెద్దదయింది. ఇప్పుడు అంగళ్ళు వేసుకునే చోట్లు సుమారు 9,000 ఉన్నాయి.

9,000 అంటే ఎంతో ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఒక్కొక్క అంగడి ముందు ఒక్కటంటే ఒక్క నిమిషం నిలబడితే 9,000 నిమిషాలు, అంటే 150 గంటలు. రోజుకు పది గంటల చొప్పున తిరిగినా పదిహేను రోజులు పడుతుంది. సంత జరిగేదేమో ఒక్క వారమే. ఒకే మనిషి రెండు మూడు చోట్లు తీసుకుంటాడు గనక లెక్క కొంత తగ్గుతుంది. అయినా అంతా చూద్దామని బయలుదేరినవాడు ఏదీ చూడకుండానే తిరిగివస్తాడు. కనక ఈ సంతలో సగం పని ఇంటి దగ్గరే ముగించుకుని రావాలి.

ఏమిటా పని? మీకు ఏం కావాలో సరిగా తెలుసుకోవటం. ఇది చెప్పినంత సులభం కాదు. ఫోర్డు కంపెనీ మోడల్ టి అనే కారును 1908 నుంచి 1927 దాకా చేసింది. కోటిన్నరకు పైగా కార్లు అమ్ముడుపోయాయి. దాని తరవాత మోడల్ ఎ వచ్చింది. మీ మేనమామ దగ్గర 1930లో చేసిన మోడల్ ఎ ఉన్నదనుకుందాం. దానికి ఒక చక్రం కావాలి. సంతలో దుకాణదారు, "మోడల్ ఎ చక్రమేగా? ఇదుగో!" అని చూపిస్తాడు. ఆయన అబద్ధమాడటం లేదు. కాని 1928, 1929 సంవత్సరాల మోడల్ ఎ చక్రం 21 అంగుళాలది, 1930, 1931లలో చేసినది 19 అంగుళాలది. ఆ మాట తెలియకుండా డబ్బిచ్చి, బరువైన చక్రం భుజాన వేసుకుని మైలు దూరం నడిచి, ఇంటికి తెచ్చి బిగించబోతే మిగతా మూడు చక్రాలూ పొట్టివి, ఇదొక్కటే పొడుగుది. తిరిగి ఇద్దామంటే అమ్మినాయన అప్పటికే తన ఊరు వెళ్ళిపోయి ఉంటాడు.

బోల్టుల సంగతి ఇంకా తమాషా. అర అంగుళం లావున్న అమెరికా బోల్టుకు అంగుళానికి మామూలుగా 13 మరచుట్లు ఉంటాయి. అదే లావున్న పాతకాలపు ఇంగ్లీషు బోల్టుకు 12 చుట్లు. పక్కపక్కన పెడితే రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. దీని నట్టు దానికి పెడితే ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, ఆ తరవాత పట్టేస్తుంది. బలవంతంగా తిప్పారా, రెండింటి మరా పోతుంది.

కనక ఏం చేయాలంటే, విరిగిన సామానునే వెంట తీసుకుపోవటం అన్నిటికంటె మంచిది. అది మోయలేనంత బరువైనదైతే దాన్ని అట్టముక్క మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీయండి. బోల్టు కన్నాల మధ్య దూరం కొలిచి రాసుకోండి. పోతపోసిన ఇనుప సామానుల మీద చాలావాటికి ఉబ్బెత్తుగా అంకెలు ఉంటాయి. మట్టీ, చమురూ తుడిచి ఆ అంకెలు కూడా రాసుకోండి. కారు ఏ కంపెనీదో, ఏ సంవత్సరందో ఆ అట్టమీదే రాయండి. జేబులో వెయ్యి డాలర్లున్నవాడికన్నా చేతిలో ఇలాటి అట్ట ఉన్నవాడికే ఈ సంతలో పని త్వరగా అవుతుందని నా నమ్మకం.

అక్కడ కొందరు ఇంకో ఉపాయం చేస్తారు. "ఫలానా కారుకు ఫలానా సామాను కావాలి" అని పెద్ద అక్షరాలతో రాసి, ఆ అట్టను వీపుకు కట్టుకుని తిరుగుతారు. చూడగానే నవ్వు వస్తుంది. కాని ఆలోచించి చూడండి. వాళ్ళ కళ్ళు ముందున్న అంగళ్ళను వెతుకుతుంటే, వెనక ఉన్న జనమంతా వాళ్ళ తరఫున ఆలోచిస్తుంటారు! ఫ్రాంక్లిన్ లాటి కార్లున్నవాళ్ళకు ఇది తప్పదు. గాలితో చల్లబడే ఇంజను గల ఆ కార్లను చేయటం 1934తో ఆగిపోయింది. ఫోర్డు కార్లకు దొరికినట్టు వాటి సామానులు అడుగడుగునా దొరకవు.

ఇక సంతలోకి పోదాం. మంచి బూట్లు వేసుకోండి, కొత్తవి మటుకు వద్దు. ఒకప్పుడు ఈ మైదానాలన్నీ గడ్డినేలలు. వాన కురిస్తే మోకాలి లోతు బురద అయ్యేదనీ, లారీలు దిగబడిపోయేవనీ పాతవాళ్ళు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఇప్పుడు చాలామటుకు తారువేసిన నేల. బురద బాధ తీరింది గాని, సాయంత్రానికి అరికాళ్ళు మండుతాయి. అక్టోబరులో అక్కడ పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, మధ్యలో వాన కూడా రావచ్చు. స్వెట్టరూ, గొడుగూ రెండూ ఉండాలి.

మైదానాలకు పేర్లున్నాయి. ఒకటి ఆకుపచ్చ మైదానం, ఒకటి ఎర్ర మైదానం, ఒకటి చాకొలెట్ మైదానం. అంగళ్ళకు వరస గుర్తులూ, నంబర్లూ ఉంటాయి. ఏదైనా వస్తువు మీ మనసుకు నచ్చితే ఆ నంబరు వెంటనే రాసుకోండి. "నీలం గుడారం పక్కన, తెల్లగడ్డం తాత దగ్గర" అని గుర్తు పెట్టుకుంటే లాభం లేదు. నీలం గుడారాలు వందలు, తెల్లగడ్డం తాతలు అంతకంటె ఎక్కువ. జనంలో తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో కూడా అమ్మానాన్నలతో ముందే అనుకోండి.

తెల్లవారకముందే టార్చిలైట్లు పట్టుకుని వచ్చేవాళ్ళు ఉంటారు. లారీ నుంచి సామాను దింపుతూ ఉండగానే మంచివి అమ్ముడుపోతాయి. ఆఖరి రోజున వస్తే ధరలు తగ్గుతాయన్న మాట నిజమే. మోసుకుపోలేక సగం ధరకు ఇచ్చేవాళ్ళు ఉంటారు. కాని మీకు కావలసింది అప్పటిదాకా ఉంటుందా అన్నది అనుమానమే. ఎప్పటినుంచో వెతుకుతున్న వస్తువు కనిపిస్తే, "అంతా తిరిగి వచ్చి కొంటాను" అనుకోకండి. సరదాకు కొనేదైతే సాయంత్రం దాకా ఆగండి.

కొనేముందు పరీక్ష చేయాలి. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. ఇనుముకు అంటుకుంటుంది, ఇత్తడికీ అల్యూమినియానికీ అంటుకోదు. తుప్పుపట్టి చిల్లిపడిన మడ్‌గార్డును మెత్తటి పూతతో పూడ్చి, పైన రంగు వేసినా కంటికి తెలియదు. పలచని గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని దానిమీద మెల్లగా జరిపితే పూత మందంగా ఉన్నచోట పట్టు సడలుతుంది. గుడ్డ ఎందుకంటారా? రంగు మీద గీతలు పడకుండా. ఏది ముట్టుకోబోయినా ముందు, "అయ్యా, చూడవచ్చునా?" అని అడగండి.

మోడల్ ఎ కార్బ్యురేటరు లోపల ఇత్తడితో చేసిన గుల్ల బుడ్డి ఒకటి ఉంటుంది. పెట్రోలు మీద అది తేలుతూ, ఎంత పెట్రోలు లోపలికి రావాలో అదుపు చేస్తుంది. బుడ్డి విడిగా అమ్ముతుంటే దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి. లోపల నీళ్ళ చప్పుడు వినబడిందంటే దానికి చిల్లి పడిందన్నమాట. అది ఇక తేలదు.

అయస్కాంతం పట్టించలేని జబ్బు ఒకటున్నది. 1920, 30 ప్రాంతాల్లో తలుపు పిడులూ, కొన్ని కార్బ్యురేటర్లూ తుత్తునాగం కలిసిన లోహంతో పోతపోసేవారు. అందులో కొంచెం సీసం కలిసినా లోహం లోపలి నుంచి పాడవుతుంది. మెల్లగా ఉబ్బుతుంది, వెంట్రుకల్లాటి పగుళ్ళు ఇస్తుంది, చివరకు బిస్కత్తులా చేతిలోనే విరిగిపోతుంది. దానికి చికిత్స లేదు. వంకర తిరిగిన వస్తువూ, సన్నని బీటలున్న వస్తువూ ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

ఇంకో జాగ్రత్త. పాత బ్రేకుల పట్టీల్లో రాతినార ఉండేది. దాని దుమ్ము ఊపిరితిత్తులకు చాలా కీడు. బ్రేకు సామాను మీద దుమ్ముంటే నోటితో ఊదకండి, ఆ పని పెద్దవాళ్ళకూ వద్దని చెప్పండి. ఏమైనా తినేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.

"మాకు కారే లేదు, మేమేం కొనాలి?" అంటారేమో. చూడటానికే బోలెడు ఉన్నాయి. కార్లకు విద్యుద్దీపాలు రాకముందు వాడిన ఇత్తడి దీపాలు చూడండి. వాటిలో కార్బైడు రాళ్ళ మీద నీళ్ళు బొట్లుబొట్లుగా పడితే గ్యాసు పుట్టి వెలిగేది. మన దేశంలో కొందరు వ్యాపారులు నిషేధం ఉన్నా లెక్కచేయక మామిడికాయలు పండించటానికి వాడుతున్నది ఈ కార్బైడే. మోడల్ టి కారుకు నాలుగు చిన్న చెక్కపెట్టెలు ఉండేవి. ఇంజనులో నిప్పురవ్వ పుట్టించటం వాటి పని. కరెంటు ఇస్తే తుమ్మెదలా ఝుమ్మంటాయి. ఎవరైనా వాటిని పరీక్షిస్తుంటే ఆగి వినండి. పెట్రోలు బంకులవాళ్ళు ఒకప్పుడు ఊరికే పంచిన రోడ్డు పటాలు, నంబరు పలకలు, బొమ్మకార్లు, కంపెనీవాళ్ళు అచ్చువేసిన పాత పుస్తకాలు కూడా ఉంటాయి. హైదరాబాదులో ఆదివారం అబిడ్సు పేవుమెంటు మీద పాత పుస్తకాలు వెతికినవాళ్ళకు ఇక్కడ కాలు కదలదు. మీ జేబులో కొద్ది డబ్బే ఉంటే రోడ్డు పటం కొనుక్కోండి. తేలికగా ఉంటుంది, పెట్టెలో పడుతుంది.

బేరం ఆడవచ్చు, తప్పులేదు. చాలామంది నోట్లే కోరుతారు గనక చిన్న నోట్లు ఉంచుకోండి. అయితే వస్తువును తక్కువచేసి మాట్లాడి ధర తగ్గించాలని చూడకండి. అది ఆయన తండ్రి చేతి సామానేమో! అంగట్లో కూర్చున్నామె ఒక్కొక్కప్పుడు ఏ వస్తువు దేనికో చెప్పలేదు. భర్త నలభై ఏళ్ళు కూడబెట్టిన సామాను అది. పేర్లన్నీ ఆయనకే తెలుసు, ఆయన ఇప్పుడు లేడు. బంగారంలాటి వస్తువులు అక్కడ పేరు లేక తుక్కు ధరకు పోతాయి. మీకు ఒకదాని పేరు తెలిస్తే ముందు ఆ మాట ఆమెతో చెప్పి, ఆ తరవాత ధర అడగండి. నష్టపోతామనుకుంటారా? పోతే నాలుగు డాలర్లు పోతాయి, పోనివ్వండి.

వారం చివర కార్ల ప్రదర్శన. కారుకు పాతికేళ్ళు నిండితే చాలు, ఈ సంఘం లెక్కలో పాతకారే. మీ నాన్నగారు మొదట కొన్న కారు కూడా అందులో చేరుతుందేమో అడగండి, ఆయన ముఖం చూడండి! న్యాయనిర్ణేతలు 400 మార్కులతో మొదలుపెట్టి, కర్మాగారం నుంచి వచ్చిననాటికీ ఇప్పటికీ తేడా ఉన్న ప్రతిచోటా మార్కులు తగ్గిస్తారు. సంతలో ఒక చిన్న మూత కోసం మూడు రోజులు తిరిగినాయన ఎందుకు తిరిగాడో అప్పుడు తెలుస్తుంది.

మీ అట్టమీది వస్తువు దొరకకపోతే? దాన్ని పారేయకండి. తిరిగివచ్చేముందు, ఆ రకం కార్ల సామాను అమ్మే ఇద్దరు ముగ్గురి దగ్గరకు పోయి, మీకు ఏం కావాలో ఒక కాగితం మీద రాసి, కింద మీ మేనమామ పేరూ టెలిఫోను నంబరూ వేసి ఇచ్చి రండి. వాళ్ళ గోదాముల్లో ఇంకా విప్పని పెట్టెలు ఉంటాయి. చలికాలంలో అక్కడ మంచు పడి బయటి పని ఉండదు. పెట్టెలు విప్పేది అప్పుడే.