ఫోన్ తెర మీద జనవరి 1

ప్రియమైన మీకు,

మీ వైపు వానలు తగ్గాయా? ఇక్కడ పాల్వంచ దాటాక భద్రాచలం దాకా అడవి దారే కదా, గాలివాన వచ్చిందంటే ఎక్కడో ఓ కొమ్మ లైను మీద పడుతుంది. లైన్‌మన్ వెతికి పట్టుకునే దాకా కరెంటు రాదు.

ఈమధ్య ఒక ఆఫీసులో అలాగే రాత్రంతా కరెంటు లేదు. పొద్దున వచ్చాక అకౌంట్స్‌కి ఫోన్ చేస్తే గేటు దగ్గర మోగుతోంది. ఫోన్ తెర మీద తేదీ జనవరి 1. ఆఫీసు ఫోన్లను కలిపే ఎక్స్చేంజి (ఈపీఏబీఎక్స్) పోయింది, కొత్తది కొనాల్సిందే అన్నారు అక్కడివాళ్లు. నాకు మాత్రం ఆ తేదీ చూడగానే ప్రాణం కుదుటపడింది: పెట్టె పాడవలేదు, కరెంటు పోయి అన్నీ మర్చిపోయిందంతే.

"కరెంటు పోతే మర్చిపోయే పెట్టె ఎందుకండీ?" అంటారు మీరు. పాత ఈపీఏబీఎక్స్‌లలో ఏ నంబరు ఎవరిదో, ఎస్టీడీ ఎవరికి ఉందో అన్నీ కరెంటు ఉంటేనే నిలిచే చిప్‌లో ఉంటాయి. కరెంటు లేనప్పుడు దాన్ని కాపాడేది బోర్డు మీది చిన్న సెల్లు. కొన్నింట్లో 3 వోల్టుల లిథియం బిళ్ల, కొన్నింట్లో 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం. అందరూ వానను తిడతారు గానీ నా అనుమానం ఎండ మీదే. మన మే నెల వేడికి సెల్లు నీరసిస్తుంది, జూలై గాలివానకు ఆ సంగతి బయటపడుతుంది. నికెల్ కాడ్మియం సెల్లయితే కారి, చుట్టూ పచ్చటి చిలుము పట్టి బోర్డునే తినేస్తుంది.

సెల్లును పరీక్షించే ముందు సెట్టింగులన్నీ కాగితం మీద రాసుకోవాలి. తర్వాత స్విచ్ ఆపి మల్టీమీటరుతో సెల్లును కొలవాలి. ఆపకుండా కొలిస్తే ఛార్జింగు వోల్టేజీ చూసి మోసపోతాం. కొన్ని బోర్డుల మీద మెమరీ చెరిపే జంపరు ఉంటుంది. రిపేరుకొచ్చినవాళ్లు దాన్ని చెరిపే వైపే వదిలేస్తే కొత్త సెల్లు వేసినా లాభం లేదు.

"యూపీఎస్ ఉందిగా" అనకండి. కంప్యూటర్లతో పంచుకునేది త్వరగా ఖాళీ అవుతుంది. ఎక్స్చేంజికి విడిగా ఓ చిన్నది పెడితే గంటల తరబడి లాగుతుంది, కానీ అడవి లైను రాత్రంతా పోతే అదీ చాలదు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులకు! అలాంటి రోజున సాయం కోసం ముంపు ఊరి నుంచి వచ్చిన ఫోను ఖాళీ గదిలో మోగకూడదు. మీ ఆఫీసు ఎక్స్చేంజి సెట్టింగులు ఏ నోటుబుక్కులోనైనా ఉన్నాయా? లేకపోతే ఈ వారమే, కరెంటు ఉండగానే రాయించండి. రాయించాక నాకో ఉత్తరం ముక్క వేయండి.

మీ
నేస్తం