నవలలోని అమ్మ, తెర మీది అమ్మ

ఒక గొప్ప నవల చిత్రంగా వచ్చినప్పుడల్లా మనలో ఒకే చర్చ బయలుదేరుతుంది. చిత్రం నవలను అనుసరించిందా లేదా? ఏ సన్నివేశం వదిలారు, ఏది కల్పించారు? చదువుకొన్నవాళ్లకు ఈ లెక్క చూడడంలో కొంత సంతోషం కూడా వుంది. పుస్తకం మనం ముందే చదివామన్న సంగతి దానితో నలుగురికీ తెలుస్తుంది. నేనూ చాలాకాలం ఇటువంటి లెక్కలు చూసినవాణ్ణే. ఆ లెక్క చాలదని నాకు తెలియజెప్పినది ఏ విమర్శ గ్రంథమూ కాదు, అక్షరం ముక్క రాని మా అమ్మ.

1979లో మా పట్టణంలోని ఫిల్మ్ సొసైటీ వారు పూదొవ్కిన్ తీసిన 'అమ్మ' చిత్రాన్ని ప్రదర్శించారు. మరునాటి సాయంత్రం విద్యార్థుల సభలో దాని మీద నేను మాట్లాడాలి. అప్పటికి నేను బడిలో పంతులుగా చేరి ఎనిమిదేళ్లయింది.

గోర్కీ నవలను గురించి ఈ పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. 1902లో సోర్మొవో కార్మికులు జరిపిన మే డే ప్రదర్శన, అందులో జెండా పట్టి ప్రవాస శిక్షకు గురైన ప్యోత్ర్ జాలొమొవ్, అతని తల్లి – వీరి జీవితమే దానికి ముడిసరుకు. 1906లో గోర్కీ అమెరికాలో వుండగా ఆ రచన ప్రారంభించాడు. క్రొవ్విడి లింగరాజుగారి తెలుగు సేతతో అది మన ఇళ్లలోకి వచ్చింది. కాలేజీ సెలవుల్లో నేను దానిని మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె పొగాకు కంపెనీలో ఆకు గ్రేడింగు చేసి, వారం వారం వేలిముద్ర వేసి కూలి తెచ్చి, నన్ను చదివించిన మనిషి. సాయంత్రం ఆ వాసనతోనే వచ్చి దీపం దగ్గర కూర్చుని వినేది. అందుకే చిత్రానికి ఆమెను వెంటబెట్టుకొని వెళ్లాను.

వెళ్లేటప్పుడు జేబులో కాగితం పెట్టుకొన్నాను. చిత్రం ముగిసేసరికి దాని మీద పదకొండు తేడాలు చేరాయి. నవలలో తండ్రి జబ్బుతో మంచాన పడి చనిపోతాడు. చిత్రంలో అతడు తాగుడు కోసం సమ్మె విచ్ఛిన్నకుల పక్షాన చేరి, కొట్లాటలో చనిపోతాడు. నవలలో తల్లి కొడుకు రహస్యాన్ని ఎన్నడూ బయటపెట్టదు. చిత్రంలో, దాచిన ఆయుధాలు చూపిస్తే కొడుకును వదిలేస్తారన్న భ్రమతో, నేల బల్ల ఎత్తి తనే పోలీసులకు చూపిస్తుంది. నవల రైల్వే స్టేషనులో ముగుస్తుంది: పెట్టె నిండా కొడుకు కోర్టులో చేసిన ఉపన్యాసం ప్రతులు, చుట్టూ జనం, గొంతు మీద పోలీసు చెయ్యి. చిత్రంలోనైతే నది మీద మంచు పగులుతుంది, జైలు నుంచి పారిపోయి వచ్చిన కొడుకు తుపాకి గుండుకు నేల కూలుతాడు, జెండా ఎత్తిన తల్లిని గుర్రాలు తొక్కివేస్తాయి. విప్లవ నవలకు ఇంత ద్రోహమా అని నా ఉపన్యాసం అప్పటికే మనసులో సిద్ధమైపోయింది.

అది మూకీ చిత్రం. నడుమ నడుమ తెర మీద పడే అక్షరాలు ఇంగ్లీషువి. నేను అమ్మ చెవిలో తెలుగు చెబుతూ వచ్చాను. కొంతసేపయ్యాక "నువ్వు వూరుకో, నాకు తెలుస్తున్నది" అన్నది. తెర మీద తల్లి నేల బల్ల వైపు నడిచినప్పుడు మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకొన్నది. "చెప్పేస్తున్నదిరా, అయ్యో, చెప్పేస్తున్నది!"

ఇంటికి వస్తూ రిక్షాలో నా పదకొండు తేడాలు ఆమెకు వినిపించాను. ఆయుధాల సంగతి దగ్గర ఆపింది. "అందులో తప్పేముందిరా? నేనైనా అంతే చేసేదాన్ని. పెద్ద ఆఫీసరు మంచిగా మాట్లాడి, నీ కొడుకును వదిలేస్తామంటే నమ్మనూ?"

నా కాగితంలో మొదటి ఆరోపణ అక్కడే కూలిపోయింది. ఆలోచించగా, పూదొవ్కిన్, అతని రచయిత జార్హి చేసిన పని నాకు అర్థమైంది. భర్త దెబ్బలకు, ఫ్యాక్టరీ కూతకు, పోలీసు బూటు చప్పుడుకు బెదిరిన మనసు అది. దాని భయాన్ని ఒక్కొక్క పొరగా విప్పడానికి నవలాకారునికి వందల పుటలున్నాయి. చిత్రానికి వున్నది గంటన్నర. అందుచేత వారు ఆ భయాన్నంతా ఒక్క చర్యగా మలిచారు. రాజ్యం ఎవరి పక్షమో నవలలో ఆమె ఎన్నో సోదాలు, ఎన్నో అరెస్టులు చూసి తెలిసికొంటుంది. చిత్రంలో తన చేతితో తాను చేసిన ఒక్క తప్పుతో తెలిసికొంటుంది. సంఘటన మారింది గాని సత్యం మారలేదు.

ఇటువంటిదే మరొకటి. జైలులో పావెల్‌కు రేపు విడిపిస్తామన్న చీటీ అందుతుంది. ఆ చీటీని చేతిలో పెట్టినది తల్లే. అతని సంతోషాన్ని ముఖంలో చూపించి వూరుకోక, పూదొవ్కిన్ చేతులు చూపాడు, పెదవి చివర చూపాడు, ఆ వెంటనే వసంతకాలపు సెలయేరు, నీటిలో ఆడే పక్షులు, నవ్వే పసివాడు. ఈ కూర్పు ఎందుకు చేశాడో తన సినిమా గ్రంథంలో అతడే వివరించాడు. నవలలో లేని ఈ బొమ్మలు నవలలోని ఆశను తెర మీదికి తెచ్చాయి. 1958లో బ్రస్సెల్స్‌లో చలనచిత్ర చరిత్రలో ఉత్తమమైన 12 చిత్రాలను ఎంచినప్పుడు ఈ 1926 నాటి చిత్రం వాటిలో చోటు పొందడం వూరికే జరగలేదు.

అయితే మా అమ్మ అంతటితో వదలలేదు. ఇల్లు చేరబోతుండగా, "అది సరేగాని, ఆవిడ అక్షరాలు నేర్చుకొన్న ముచ్చట పెట్టలేదేం?" అని అడిగింది.

నా పదకొండింటిలో ఆ తేడా లేదు.

పాఠకులు ఆ ఘట్టం జ్ఞాపకం చేసికోవాలి. ఆంద్రేయి ఆమెకు చదువు చెబుతానంటాడు. నలభై ఏళ్లు వచ్చాక అక్షరాలు నేర్వడమేమిటని ఆమె సిగ్గుపడుతుంది, కన్నీళ్లు పెట్టుకొంటుంది, చివరికి ఎవరూ చూడకుండా పుస్తకం ముందు వేసికొని కూర్చుంటుంది. నవలకు వెన్నెముక ఇదేనని నాకిప్పుడు తోస్తుంది. మొదట ఆమె ఫ్యాక్టరీలోకి కరపత్రాలు మోసినది కొడుకు మీద ప్రేమతో. కొడుకు జైల్లో వున్నా కాగితాలు వస్తూనే వుంటే అతని మీద నేరం నిలవదని. చివర స్టేషనులో మోసినది తాను తెలిసికొన్న మాటలను. ఈ రెండు మోతల మధ్య దూరమే నవల. కొడుకు పోయిన దుఃఖంతో లేచి నిలబడిన తల్లి కథ లోకానికి పాతదే. అర్థం చేసికొని లేచి నిలబడిన తల్లిని సృష్టించడమే గోర్కీ చేసిన కొత్త పని. అంత గొప్ప చిత్రం కూడా ఈ చోట పాత దారికి జారింది.

నవలను తెరకెక్కించడంలో నాకు కనిపించే అసలు ప్రమాదం ఇదే. తెరకు కుదుపు ఇష్టం. చావు, అరెస్టు, గుర్రాల దాడి – ఇవి వెంటనే బొమ్మ కడతాయి. మనిషి నేర్చుకోవడం మెల్లగా జరిగే పని. అందులో కుదుపు వుండదు. కత్తెర పట్టిన చేతికి మొదట తెగేది అదే. తెగినట్టు మనకు తెలియదు కూడా, ఎందుకంటే మన లెక్కలన్నీ సంఘటనల లెక్కలే. 1950ల నడుమ మార్క్ దొన్‌స్కొయ్ ఇదే నవలను మళ్లీ తీశాడు. 1926 నాటి పావెల్ నికొలాయ్ బతాలొవ్ అయితే, ఇందులో పావెల్ అతని తమ్ముని కొడుకు అలెక్సేయ్ బతాలొవ్. తరువాత నేను చూసిన ఆ చిత్రం నవల వరుసను చాలా దగ్గరగా పాటించింది. నా కాగితం పట్టుకొని కూర్చుంటే అది దాదాపు ఖాళీగా వుండేది. అయినా నా మనసులో నిలిచినది పూదొవ్కిన్ తల్లే. కాబట్టి వరుస తప్పకపోవడమూ రక్ష కాదు. ఈ నవలలో మనిషి ఏ శ్రమ చేసి మారింది, ఆ శ్రమ తెర మీద మిగిలిందా అన్నదే అడగవలసిన ప్రశ్న.

మరునాడు సభలో కాగితం తీయలేదు. మా అమ్మ అడిగిన రెండు మాటలూ చెప్పి కూర్చున్నాను. ఒక విద్యార్థి లేచి, "మీ అమ్మగారికి ఇప్పుడు చదవడం వచ్చా?" అని అడిగాడు. రాదన్నాను. సభలో ఎవరూ ఏమీ అనలేదు.

నవల వినిపించే రోజుల్లో ఆ అక్షరాల ఘట్టాన్ని ఆమె నాచేత రెండుసార్లు చదివించుకొన్నది. ఎందుకని నేను అడగలేదు. వూళ్లో పిల్లలకు అక్షరాలు దిద్దించి జీతం తీసికొంటున్న నేను, ఎనిమిదేళ్లలో ఒక్కనాడూ ఆమె ముందు పలక పెట్టలేదు. పూదొవ్కిన్ ఒక ఘట్టం వదిలేశాడని చెప్పే హక్కు నాకెంత వుంది?

ఆ వారమే పలక కొన్నాను. గుణింతాలు వచ్చాయి, వత్తులు చివరిదాకా తడబడ్డాయి. సంతకం నేర్చింది. బజారులో గోడల మీది సినిమా పేర్లు నిలబడి కూడబలుక్కొనేది. గోర్కీ పుస్తకం మాత్రం మొదటి పుట దాటలేదు. కళ్లు అప్పటికే మసకబారాయి. ఆ పుటలో ఫ్యాక్టరీ కూత వినిపించే చోట వేలు పెట్టి, "ఇక్కడిదాకా నేనే చదివాను" అని ఇంటికి వచ్చినవాళ్లకు చూపించేది.