యాభైకి ఎన్ని?

ఇంజినీరింగ్ హాస్టల్లో టేబుల్ టెన్నిస్ ఆడిన ఎవరికైనా ఒక రూల్ తెలుసు. గెలిచినోడు ఉంటడు, ఓడినోడు లైన్ వెనక్కి పోతడు. కరీంనగర్‌లో నేను చదివిన నాలుగేళ్లూ ఇదే రాజ్యాంగం. ఒక టేబుల్, రెండు బ్యాట్లు, అందులో ఒకదానికి రబ్బర్ సగం ఊడిపోయింది, చుట్టూ పదిహేను మంది. బాగా ఆడేవాడు గంటసేపు టేబుల్ వదలడు. అప్పుడే నేర్చుకుంటున్నవాడికి నాలుగు నిమిషాలు దొరుకుతాయి, తర్వాత నలభై నిమిషాలు గోడకు ఆనుకుని చూడాలి. ఎవరికి ప్రాక్టీస్ ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ దొరికే పద్ధతి ఇది. మన ఆఫీసుల్లో కూడా అంతే. లంచ్ తర్వాత ఐదేళ్లుగా ఆడేవాళ్లుంటారు, ఆట మాత్రం మొదటి ఏడాది ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే.

దీని గురించి గట్టిగా ఆలోచించాల్సిన పని నాకు మా మేనకోడలి వల్ల పడింది.

అక్కావాళ్లు మంచిర్యాలలో ఉంటారు. 2016 దాకా అది ఆదిలాబాద్ జిల్లా. బావది సింగరేణిలో ఉద్యోగం. కాలనీ దగ్గరి క్లబ్బులో ఒక పాత టేబుల్ ఉంది. పిల్ల ఆరో తరగతి నుంచి దాని చుట్టే తిరుగుతోంది. పోయిన ఎండాకాలం ఎనిమిది అయిపోయింది. ఒక ఆదివారం అన్నం తింటూ బావ చెప్పేశాడు.

"తొమ్మిదికి పోతుంది, ఎంబడే టెన్త్. ఆట అంటే హైదరాబాద్‌ల ఉండాలె బామ్మర్ది. ఈడ కోచ్ ఉన్నడా, ఏమన్న ఉన్నదా? సెలవులల్ల ఆడుకోనియ్యి. జూన్‌ల బ్యాట్ బీరువాల పెడ్త."

పిల్ల పప్పు కలుపుతూ ఉండిపోయింది. ఏడ్చి ఉంటే బావకు సర్దిచెప్పడం తేలికయ్యేది.

బావ మాటలో నిజం లేకపోలేదు. ఆకుల శ్రీజ హైదరాబాద్ అమ్మాయి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది. 2024లో లాగోస్‌లో డబ్ల్యూటీటీ కంటెండర్ సింగిల్స్ టైటిల్ కొట్టింది, మన దేశం నుంచి ఆ పని చేసిన మొదటి ప్లేయర్ తనే. అకాడమీ, కోచ్, రోజూ ఎదురు నిలబడి ఆడేవాళ్లు, ఇవన్నీ ఉన్న ఊళ్లో పెరిగిన ఆట అది. మంచిర్యాలలో ఉన్నది ఒక టేబుల్, నలుగురు క్యారమ్ అంకుల్స్.

"జిల్లా సెలక్షన్స్ దాకా ఆగు బావా, తర్వాత నీ ఇష్టం" అన్నాను. మే నెలంతా వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని అక్కడే ఉన్నాను. నేను కోచ్‌ను కాదు. కానీ రోజూ చేసే పనిని చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కను విడిగా టెస్ట్ చేయడం నాకు జీతం ఇచ్చి నేర్పిన విద్య.

మొదటి గొడవ ఫ్యాన్ దగ్గరే వచ్చింది. బంతి బరువు 2.7 గ్రాములు. పైన ఫ్యాన్ తిరుగుతుంటే అది ఎటుపోతుందో దానికే తెలీదు. మే నెల మంచిర్యాలలో ఫ్యాన్ ఆపమంటే క్యారమ్ అంకుల్స్ నన్ను చూసిన చూపు మర్చిపోలేను. చివరికి పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా మాది, ఆ తర్వాత వాళ్లది అని ఒప్పందం కుదిరింది.

ముందు సర్వీస్ తీసుకున్నాం. ఎందుకంటే లెక్క అలా ఉంది. 2001 నుంచి గేమ్ 11 పాయింట్లకు. రెండేసి సర్వీసులు మారుతాయి. 11-9తో గేమ్ అయితే ఇరవై పాయింట్లు, అందులో పది నీ చేతి నుంచే మొదలవుతాయి. ఎదుటివాడు ఎంత మొనగాడైనా వేలు పెట్టలేని షాట్ అదొక్కటే. పార్ట్‌నర్ లేకున్నా నేర్చుకోవచ్చు. అయినా హాస్టళ్లలో సర్వీస్ ప్రాక్టీస్ చేసేవాణ్ని నేను ఒక్కణ్నీ చూడలేదు.

ఒక బకెట్, వంద ప్రాక్టీస్ బంతులు. అరచేయి తెరిచి, బంతిని కనీసం 16 సెంటీమీటర్లు నిటారుగా పైకి వేయాలి, అది రూల్. నెట్ అవతల ఏ4 కాగితం పెట్టాం. బంతి ఆ కాగితం మీద పడాలి, టేబుల్ దిగకుండా అక్కడే రెండోసారి కూడా పడాలి. అలా పడితే ఎదుటివాళ్లు బ్యాట్‌ను పూర్తిగా ఊపలేరు. రోజుకు యాభై. మంచివి ఎన్ని పడ్డాయో ఆ తేదీ గడిలో, ఇంటి క్యాలెండర్ మీద రాయాలి. మొదటి రోజు 11. వారం దాటినా 15 కాలేదు. మూడో వారంలో ఒక రోజు 31 వచ్చింది, మర్నాడే 22కు పడిపోయింది. పిల్ల 22 రాయకుండా తప్పించుకోబోతే "రాయాల్సిందే" అన్నాను. ఆ పెన్ను ఎవరి చేతిలో ఉండాలన్నది చాలా రోజులు నడిచిన పంచాయితీ.

తర్వాత మల్టీబాల్. నేను పక్కన నిలబడి బకెట్‌లోంచి ఒకదాని వెంట ఒకటి బంతులు వేస్తూ ఉంటాను, పిల్ల కొడుతూ ఉంటుంది. మామూలు ఆటలో బంతి నెట్‌కు తగిలితే ఏరుకోవడానికే సగం టైం పోతుంది. ఇక్కడ ఒక నిమిషంలో నలభై షాట్లు. అందులో మాకు బాగా పనికొచ్చింది ఫాల్కెన్‌బర్గ్ డ్రిల్. స్వీడన్‌లో ఒక చిన్న ఊరి క్లబ్బు పేరు అది. 1971లో నగోయాలో ప్రపంచ ఛాంపియన్ అయిన స్టెల్లాన్ బెంట్సన్ ఆ క్లబ్బు నుంచే వచ్చాడు. ఈ ముక్క బావకు కావాలనే రెండుసార్లు చెప్పాను.

డ్రిల్‌లో మూడే బంతులు. మొదటిది ఎడమ మూలకు, బ్యాక్‌హ్యాండ్‌తో కొట్టాలి. రెండోదీ అదే మూలకు, కానీ పక్కకు జరిగి ఫోర్‌హ్యాండ్‌తో కొట్టాలి. మూడోది కుడి మూలకు, పరుగెత్తి ఫోర్‌హ్యాండ్. మళ్లీ మొదటికి. చెప్పడానికి ఇంతే, చేస్తే మూడు నిమిషాల్లో తొడలు మండుతాయి. టేబుల్ టెన్నిస్ చేతి ఆట అనుకునేవాళ్లకు ఇది ఒక్కసారి చేయించాలి. కాలు ముందు చేరితే చేయి తన పని తాను చూసుకుంటుంది. కాలు అందకుండా చేయి చాపితే బంతి నెట్‌లోకే.

రెండు వారాలకు పిల్లకు అది మంత్రంలా వచ్చేసింది. అక్కడే చిక్కు. బంతి ఎటు వస్తుందో ముందే తెలిస్తే ఎవరైనా కొడతారు. మా భాషలో చెప్పాలంటే టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో అన్నీ పాస్, ప్రొడక్షన్‌లో క్రాష్. అందుకే మూడో బంతిని చెప్పకుండా ఎటో ఒకటు వేయడం మొదలుపెట్టాను. "మామా, మోసం!" అని అరిచింది. ఆ వారం ఆట మొదటికంటే పాడైంది, అక్క నన్ను అనుమానంగా చూసింది. పది రోజులు పట్టింది మళ్లీ గాడిన పడడానికి.

కోచ్ కన్ను లేని లోటు ఫోన్ కొంత తీర్చింది. నీళ్ల సీసాకు ఆనించి స్లో మోషన్‌లో తీస్తే, నేను వంద సార్లు చెప్పినా ఒప్పుకోనిది తనే చూసి ఒప్పుకుంది. ఫోర్‌హ్యాండ్‌లో బంతి పైకి లేచినప్పుడు కాదు, కిందికి దిగాక తగులుతోంది. పూర్తిగా మాత్రం తీరలేదు. మణికట్టు ఎంత వదులుగా ఉండాలో చేయి పట్టుకుని చూపించే మనిషి పని ఏ వీడియో చేయదు.

చివరి డ్రిల్ నాకు అన్నిటికంటే ఇష్టం. గేమ్ 0-0 నుంచి కాకుండా 9-9 నుంచి మొదలుపెట్టడం. రోజుకు పది చిన్న గేములు, ప్రతిదీ గుండె దడతోనే. పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్‌కు వెళ్లిన శ్రీజ, అప్పటి నంబర్ వన్ సన్ యింగ్‌షాతో మొదటి రెండు గేములూ 10-12తో పోగొట్టుకుంది. అంత పెద్ద ప్లేయర్‌తో కూడా తేడా రెండేసి పాయింట్లే. ఆ రెండు పాయింట్లు ఆడడం అలవాటవ్వాలంటే అక్కడికి రోజూ పోయి రావాలి.

జూన్‌లో నేను హైదరాబాద్ వచ్చేశాను. శుక్రవారం రాత్రి కాగజ్‌నగర్ వైపు రైలు దొరికినప్పుడల్లా వెళ్లేవాణ్ని. మిగతా రోజుల్లో పిల్ల ఒక్కతే బకెట్‌తో వెళ్లేది. టేబుల్ రెండో సగాన్ని గోడకు నిలబెట్టి, దానికేసి కొట్టేది.

సెలక్షన్స్‌లో రెండు రౌండ్లు గెలిచింది. సెమీస్‌లో ఐదో గేమ్ దాకా లాగింది. 9-9 దగ్గర తన సర్వీస్. అదే పొట్టి సర్వీస్, కాగితం ఉండాల్సిన చోటే పడింది, పాయింట్ వచ్చింది. తర్వాతి మూడు అవతలి అమ్మాయివి. 10-12. జిల్లా జట్టులో చోటు దక్కలేదు.

బస్సులో వస్తుంటే బావ ఏమీ అనలేదట. నేను ఫోన్ చేసి, బ్యాట్ సంగతి ఏం చేశావని అడిగాను. "టెన్త్ అయితే టెన్తే, అండ్ల మాట లేదు" అన్నాడు. కాసేపు ఆగి, "పొద్దుగాల ఆరింటికి అయితే ట్యూషన్ ఉండది గదా" అన్నాడు.

నిన్న అక్క వాట్సాప్‌లో క్యాలెండర్ ఫొటో పంపింది. మంగళవారం గడిలో 37 అని ఉంది. అంకె బావ చేతిరాత.