తలుపు వెలుపలి మనిషి

గుఱ్ఱపు రౌతులును తుపాకులును గల చిత్రములందు మా యింట నాకొక్కనికే ప్రీతి. అట్టివి పిల్లచేష్టలని నా భార్య పరిహసించుచుండును. అయినను జాన్ ఫోర్డు దర్శకత్వమున 1956లో వెలువడిన ‘ది సెర్చర్స్’ అను అమెరికా చిత్రమును ఇంటిల్లిపాదియు చూడవలెనని నా కోరిక. దానికి కారణమును చదువరులకు విన్నవించుకొందును.

కథ 1868లో టెక్సాసున మొదలగును. చిత్రమును తీసిన స్థలము మాత్రము యూటా, అరిజోనాల సరిహద్దునగల మాన్యుమెంట్ లోయ. ఆ యెఱ్ఱని కొండల నడుమ మనుష్యుడు చీమవలె కనబడును. అంతర్యుద్ధము ముగిసిన మూడేండ్లకు ఈథన్ అను సైనికుడు సోదరుని యింటికి వచ్చి, అతని చిన్నకూతురు డెబ్బీని రెండు చేతులతో పైకెత్తును. కొలది దినములలోనే కొమాంచీలు ఆ యింటిని తగులబెట్టి, తల్లిదండ్రులను చంపి, పిల్లను కొనిపోవుదురు. ఈథనును, ఆ యింట పెరిగిన మార్టిన్ అను యువకుడును ఆమెకై యేండ్లతరబడి వెదకుదురు.

ఈ వెదకుట ప్రేమచేతనే యని మొదట తలంతుము. పోనుపోను నిజము బయటపడును. కొమాంచీల నడుమ పెరిగిన పిల్ల బ్రదుకుటకంటె చచ్చుటయే మేలని ఈథన్ నిశ్చయము. అతడు ధీరుడు, పట్టుదల గలవాడు, శత్రువుల భాషయు ఆచారములును ఎఱిగినవాడు. ఆ యెఱుకతోనే, కన్నులు లేనిచో ఆత్మకు గతి యుండదను వారి నమ్మకమునుబట్టి, కొమాంచీ శవముయొక్క కన్నులను తుపాకితో కాల్చును. కొమాంచీ నాయకుని కథయు నిట్టిదే. తెల్లవారు తన కుమారులను చంపిరని అతడు పగ తీర్చుకొనుచుండును.

కాని నన్ను కలచివేసినది వీరిరువురును గారు. మార్టినును ప్రేమించిన లోరీ అను కన్య కలదు. కలుపుగోలు పిల్ల, చూడముచ్చటైనది. ఆమె పెండ్లిబట్టలతోనే నిలిచి, డెబ్బీని ఈథన్ కాల్చి చంపుటయే ఆమె తల్లికి సమ్మతమని మార్టినుతో ననును. ఆ మాట విని నేను చిత్రమును నిలిపివేసితిని.

నా పదునొకండవ యేట మా అక్క కులాంతర వివాహము చేసికొనెను. ఊర ధర్మాత్ముడని పేరుగన్న మా నాయన ఆమె చచ్చినదని నీళ్లు వదలి స్నానము చేసెను. మాకందరకు గోరుముద్దలు తినిపించిన మేనత్త, “పురిటిలోనే పోయినను బాగుండెడిది” అని నిట్టూర్చి వడ్డనకు లేచెను. మేము భోజనము చేసితిమి. నాయన కోపమును ఇన్నేండ్లును తలచుకొంటిని గాని, అత్త మాటను ఒక్కనాడును తలచుకొనలేదు. ఆ పంక్తిలో నేనును కూర్చుంటిని గదా!

చిత్రమునందును లోపము లేకపోలేదు. మార్టిన్ తెలియక పెండ్లాడిన కొమాంచీ స్త్రీని ఈడ్చి తన్నుట నవ్వులాటగా చూపిరి. ఈథనులోని తిరస్కారమును ఖండించు చిత్రమే అచ్చట దానికి లోబడినది. పిమ్మట సైనికుల చేత చచ్చిన ఆమెను చూచినపుడు ఆ నవ్వు గొంతులో చిక్కుకొనును.

తుదకు ఈథన్ డెబ్బీని తరిమి పట్టుకొని, చంపక, వెనుకటివలెనే పైకెత్తి, ఇంటికి పోదమనును. అతని మనసేల మారెనో ఎవరును చెప్పరు. అందరును లోనికి పోవుదురు. అతడు తన మోచేతిని తానే పట్టుకొని వాకిట నిలిచి, వెనుదిరుగును. తలుపు మూతపడును.

అట్టి ద్వేషికి ఇంట చోటు లేదని దాని యర్థమందురు. నిజమే. కాని లోరీ లోపలనే యున్నది. వెలుపలివానిని చూచి మనము సులభముగ నిందింపగలము. లోపలివారిని గుర్తించుటయే కష్టము.

మా అక్క మరల మా గడప త్రొక్కినది నాయన పోయిన దినముననే. తలుపు తీసినవాడను నేను. అప్పటికి ఇరువదిరెండేండ్లు గడచినవి. ఈ చిత్రమును చూచు గృహస్థులు ఈథనును దూషించి ఊరకుండక, లోరీ పలుకును తమ యింట ఎవరినోట వినిరో, విని తామేమి చేసిరో జ్ఞప్తికి దెచ్చుకొందురుగాక.