మలేరియా లేని పిల్లకి మలేరియా బిళ్ళ

మన రోగనిరోధక శక్తే మన ఒంటి మీద తిరగబడే లూపస్ జబ్బుకి మందు రాయడం కన్నా ఆ మందు మానకుండా చూసుకోవడం కష్టం. విశాఖలో కీళ్ళవాతాల డాక్టరుగా నాకు ఎక్కువ దిగులు పెట్టే సంగతి ఇదే. తగ్గిన జబ్బు తిరగబెట్టి వచ్చినవాళ్ళని "ఏమైనా మందులు ఆపారా?" అని అడిగితే, "బాగానే ఉంది కదా అని ఒక్కటి ఆపేశామండీ" అంటారు. ఆ ఒక్కటీ చాలాసార్లు హైడ్రాక్సీక్లోరోక్విన్ అయి ఉంటుంది.

మాడుగుల వైపు కొండల కింద పల్లె నుంచి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి సంగతి చెబుతాను. (రోగుల ఊళ్ళూ వివరాలూ కొంచెం మార్చి రాస్తున్నాను.) బుగ్గల మీద ఎరుపు వస్తే మంగు అనుకుని ఏడాదిపాటు ఏవో క్రీములు పూశారు. జుట్టు ఊడితే హాస్టల్ నీళ్ళు పడలేదన్నారు. పొద్దున్నే వేళ్ళు ముడుచుకోకపోతే రక్తం తక్కువన్నారు. నా దగ్గరికి వచ్చేసరికి కాళ్ళకి నీరు దిగింది. ఆ ఎరుపు రెండు బుగ్గల మీదా, ముక్కు దూలం మీదా పరుచుకుని, ముక్కు పక్కన నవ్వితే పడే గీతల దగ్గర మాత్రం ఆగిపోయింది. నోరు తెరవమని టార్చి వేస్తే అంగిట్లో పుండు. నొప్పి లేదంది, లూపస్ పుండు చాలాసార్లు నొప్పి పెట్టదు. మూత్రంలో ముంచిన పట్టీ మీద పసుపు గడి చూస్తుండగానే ఆకుపచ్చకి తిరిగింది. ప్రోటీన్ పోతోందన్నమాట. తర్వాత చేసిన రక్తపరీక్షలూ కిడ్నీ బయాప్సీ కూడా లూపస్ అనే చెప్పాయి.

స్టెరాయిడ్, మైకోఫినోలేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ మొదలుపెట్టాం. పిల్ల తేరుకుంది. స్టెరాయిడ్ బాగా తగ్గించగలిగాం. అంతా సవ్యంగా ఉందనుకుంటుండగా మళ్ళీ వాచిన కాళ్ళతో వచ్చింది. మందుల షాపు కుర్రాడు చీటీలో హైడ్రాక్సీక్లోరోక్విన్ చూసి, "ఇది మలేరియా బిళ్ళ కదా, మీ పిల్లకి మలేరియా ఉందా?" అని అడిగాడట, దాంతో వాళ్ళు ఆ బిళ్ళ ఆపేశారు. ఆ తల్లికి మలేరియా అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. "జొరం నేదు, సలి నేదు, మరేటికి బాబూ ఈ బిళ్ళ?" అని నన్నూ అడిగింది.

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. చాలాకాలం ఆ ప్రశ్నకి పూర్తి జవాబు వైద్యశాస్త్రం దగ్గరే లేదు. 1894లో లండన్‌లో పేన్ అనే వైద్యుడు చర్మపు లూపస్‌కి క్వినైన్ వాడి చూశాడు. రెండో ప్రపంచయుద్ధంలో మలేరియా రాకుండా మెపాక్రిన్ మింగిన సైనికుల్లో కొందరికి ఒంటి మీది మచ్చలూ కీళ్ళనొప్పులూ తగ్గాయి. 1951లో పేజ్ అనే వైద్యుడు లూపస్ రోగులకి అదే ఇచ్చి ఫలితాలు ప్రకటించాడు. 1955లో అమెరికాలో హైడ్రాక్సీక్లోరోక్విన్‌కి అనుమతి వచ్చింది. ఎందుకు పనిచేస్తుందో మాత్రం అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒక జబ్బు కోసం వచ్చి ఇంకో జబ్బుకి పనికొచ్చిన మందులు మన వైద్యంలో చాలా ఉన్నాయి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ సంస్థలో తయారైన మెథోట్రెక్సేట్ కూడా కేన్సర్ కోసం వచ్చిన మందే. ఇవాళ కీళ్ళవాతం ఓపీలో అది రాయని రోజు ఉండదు.

1991లో కెనడా వైద్యులు ఒక మంచి పని చేశారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద నిలకడగా ఉన్న 47 మంది లూపస్ రోగులని తీసుకుని, కొందరికి ఆ మాత్రే కొనసాగించారు, మిగతావాళ్ళకి అచ్చం అలాగే కనిపించే ఉత్తి మాత్ర ఇచ్చారు. ఆరు నెలల లోపే, మందు ఆగినవాళ్ళలో జబ్బు తిరగబెట్టే ప్రమాదం రెండున్నర రెట్లు కనిపించింది. ఆపితే ఏమవుతుందో దీంతో తేలింది. ఎందుకలా అవుతుందో తెలియడానికి రిసెప్టర్ల పరిశోధన రావలసి వచ్చింది.

చొరబడ్డ సూక్ష్మజీవులని పసిగట్టడానికి మన కణాల్లో టోల్ తరహా రిసెప్టర్లని కొన్ని ఉంటాయి. పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో టోల్ అనే జన్యువు లేకపోతే అవి బూజు సోకి చచ్చిపోతాయని 1996లో ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం చూపించింది. రెండేళ్ళకి అమెరికాలో బ్రూస్ బ్యూట్లర్ ఎలుకల్లో దాని సాటి రిసెప్టర్‌ని గుర్తించాడు. 2011లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో వీళ్ళిద్దరూ ఉన్నారు. మనుషుల్లో ఇవి పది రకాలు. వాటిలో ఏడోది, టీఎల్ఆర్-7, నాకు రోజూ పనికొచ్చేది. ఇది కణం పైపొర మీద ఉండదు. కణం బయటి నుంచి మింగినదాన్ని అరిగించే చిన్న తిత్తుల్లో ఉంటుంది. వైరస్‌ల ఆర్‌ఎన్‌ఏ అక్కడికి చేరితే పసిగట్టి, ఇంటర్‌ఫెరాన్ తయారుచేయమని కణాన్ని తొందరపెడుతుంది. జలుబు జ్వరాల్లో మనల్ని కాపాడే ఏర్పాటే ఇది. లూపస్‌లో వచ్చిన చిక్కేమిటంటే, చచ్చిన మన కణాల ఆర్‌ఎన్‌ఏ యాంటీబాడీలతో జట్టుకట్టి అదే తిత్తిలోకి చేరుతుంది. రిసెప్టర్ దాన్నీ వైరస్ అనుకుంటుంది. ఇంటర్‌ఫెరాన్ ఊరుతుంది, బీ కణాలు రెచ్చిపోతాయి, ఇంకా యాంటీబాడీలు పుడతాయి, అవి వెళ్ళి కిడ్నీ వడపోతలో చిక్కుకుంటాయి.

మలేరియా బిళ్ళ సరిగ్గా ఆ తిత్తుల్లోనే పేరుకుంటుంది. అక్కడి ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఆర్‌ఎన్‌ఏకి అంటుకుని రిసెప్టర్‌కి దొరక్కుండా చేస్తుంది. దాని పని ఇదొక్కటే కాకపోవచ్చు. కానీ ఇంత తెలిశాక ఆ తల్లికి చెప్పడానికి నా దగ్గర ఒక మాట ఉంది. కాగితం మీద కణం గుండ్రంగా గీసి, లోపల తిత్తి గీసి, బిళ్ళ ఎక్కడికి వెళ్తుందో చూపించాను. శ్రద్ధగా విని, "అంటే ఇంటి కుక్కే ఇంట్లోవాళ్ళని కరుస్తున్నట్టా బాబూ?" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను. అప్పటి నుంచి చీటీ మీద ఈ మందు పక్కనే తెలుగులో "ఇది లూపస్ కోసం, ఆపకూడదు" అని రాస్తున్నాను. కళ్ళ భయం చాలామందికి ఉంది. అది నిజమైన భయమే. కిలో బరువుకి రోజుకి 5 మిల్లీగ్రాములు దాటకుండా ఇస్తూ, మొదట్లో ఒకసారీ, ఐదేళ్ళ తర్వాత ఏటేటా రెటీనా పరీక్ష చేయిస్తే ఆ భయాన్ని అదుపులో పెట్టుకోవచ్చు. గర్భం వచ్చినా ఈ మాత్ర ఆపనక్కర్లేదు, ఆపకపోవడమే మంచిది.

టీఎల్ఆర్-7 గురించి 2022లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చదివిన రోజు నాకు బాగా గుర్తు. కరోలా వినుయేసా అనే శాస్త్రవేత్త బృందం, ఏడేళ్ళ వయసులోనే తీవ్రమైన లూపస్ బయటపడిన ఒక స్పెయిన్ బాలిక జన్యువులన్నీ చదివింది. టీఎల్ఆర్-7 జన్యువులో ఒక్క అక్షరం మారింది. దానివల్ల ఆ ప్రోటీన్‌లో 264వ చోట టైరోసిన్ ఉండాల్సింది హిస్టిడిన్ అయింది. ఆ మార్పుతో రిసెప్టర్ అతిసున్నితంగా తయారైంది. అదే మార్పుని ఎలుకల్లో పెడితే వాటికీ లూపస్ లాంటి జబ్బు వచ్చింది. ఇలాంటి ఒక్క మార్పు వల్ల లూపస్ వచ్చేది బహుకొద్దిమందికే. మా రోగుల్లో ఎక్కువమందికి అనేక జన్యువులు, ఎండ, హార్మోన్లు, వైరస్‌లు కలిసివచ్చి జబ్బు తెస్తాయి. అయినా, కారణం ఈ దారిలో వెతకాలని ఆ పాప మనందరికీ చూపించింది.

టీఎల్ఆర్-7 జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆడవాళ్ళకి ఎక్స్‌లు రెండు, వాటిలో ఒకటి ప్రతి కణంలోనూ మూతపడి ఉండాలి. కానీ కొన్ని రోగనిరోధక కణాల్లో ఈ జన్యువు ఆ మూత తప్పించుకుని రెండు ఎక్స్‌ల నుంచీ పనిచేస్తుందని 2018లో ఫ్రెంచి పరిశోధకులు చూపించారు. లూపస్ రోగుల్లో పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళే ఎందుకన్న ప్రశ్నకి ఇది జవాబులో ఒక ముఖ్యమైన భాగం. పుట్టుకతో ఎక్స్‌లు రెండూ వై ఒకటీ ఉన్న మగవాళ్ళలో లూపస్ మిగతా మగవాళ్ళకన్నా సుమారు 14 రెట్లు ఎక్కువగా కనబడటం కూడా ఇటే వేలు చూపిస్తుంది.

ఈ వివరం నాకు ల్యాబులో కన్నా ఓపీలో ఎక్కువ పనికొచ్చింది. విజయనగరం వైపు నుంచి ఒక కొత్త కోడలిని తీసుకొచ్చారు. పెళ్ళయిన ఆరునెలలకి జబ్బు బయటపడింది. అత్తగారు ముందే దాచి పెళ్ళి చేశారన్నారు. తల్లి మా పిల్ల అక్కడికి వెళ్ళాకే ఇలా అయిందంది. ఇద్దరి మధ్యా ఆ పిల్ల తన చీర కొంగు అంచు చుట్టుకుంటూ కూర్చుంది. లూపస్ సాధారణంగా బయటపడే వయసూ మన పెళ్ళిళ్ళ వయసూ ఒకటే, అందుకే ఈ నింద మన దగ్గర ఇంత తేలిగ్గా పడుతుంది. ఇద్దరినీ కూర్చోబెట్టి, ఈ గదిలో ఉన్న ఆడవాళ్ళందరి ఒంట్లోనూ ఈ జన్యువు రెండేసి ఉందని, ఎవరికి ఎందుకు ఎదురుతిరుగుతుందో అది ఎవరి నడవడిక మీదా ఆధారపడదని చెప్పాను. అత్తగారు వెంటనే మారిపోయారని చెప్పను. తర్వాతి చెకప్‌కి మాత్రం ఆవిడే వెంట వచ్చారు.

2020 మార్చిలో ఈ మాత్రకి వచ్చిన కరువు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. కోవిడ్‌కి పనిచేస్తుందని ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. జనం డబ్బాలకి డబ్బాలు కొని దాచుకున్నారు. ఏళ్ళ తరబడి దీని మీద నిలబడ్డ ఆడపిల్లలు లాక్‌డౌన్‌లో ఊరూరా షాపులకి ఫోన్లు చేశారు. జూన్‌లో బ్రిటన్ రికవరీ ట్రయల్ ఆసుపత్రుల్లో చేరిన కోవిడ్ రోగులకి దీనివల్ల మేలు లేదని తేల్చింది. ఈలోపు మాత్ర దొరక్క మానేసినవాళ్ళలో కొందరు మళ్ళీ స్టెరాయిడ్ మోతాదు పెంచుకోవలసి వచ్చింది.

కోవిడ్ మిగిల్చిన ఇంకో తలనొప్పి "ఇమ్యూనిటీ పెంచుకోవడం". లూపస్ ఉన్నవాళ్ళు కూడా పొడులూ కషాయాలూ తెచ్చి తాగొచ్చా అని అడుగుతారు. ఒంట్లో రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే కణాలు ఉన్నట్టే, దాన్ని ఆపే కణాలూ ఉన్నాయని వాళ్ళకి చెబుతాను. 1995లో జపాన్‌లో షిమోన్ సకగుచి ఆ అదుపు టీ కణాలని వేరుచేసి చూపించాడు. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ వాటి వెనక ఉన్న ఫాక్స్‌పీ-3 జన్యువుని కనిపెట్టారు. ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది. ఆ జన్యువు చెడితే మగపిల్లలు పసితనంలోనే తీవ్రమైన స్వీయనిరోధక జబ్బుల పాలవుతారు. ఆరోగ్యానికి ఈ ఆపే చెయ్యి అంత అవసరం.

ఈమధ్య శ్రీకాకుళం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు కూతురి ఫైలుతో వచ్చారు. డాలస్‌లో ఉన్న కొడుకు వాట్సాప్‌లో పంపిన వార్త చూపించి, "దీంతో లూపస్ పూర్తిగా పోతుందటండీ, మా అమ్మాయికి చేయించలేమా?" అన్నారు. కార్-టీ చికిత్స గురించి. వార్త అబద్ధం కాదు. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గియోర్గ్ షెట్ బృందం 2021లో 20 ఏళ్ళ అమ్మాయికి మొదటిసారి ఇది చేసింది. రోగి రక్తంలోంచి టీ కణాలు తీసి, బీ కణాల మీద ఉండే సీడీ-19 అనే గుర్తుని పట్టుకునే కృత్రిమ రిసెప్టర్‌ని వాటికి జన్యువు ద్వారా అమర్చి, తిరిగి ఎక్కిస్తారు. అవి బీ కణాలని వెతికి వెతికి చంపుతాయి. 2024లో అదే బృందం 15 మంది ఫలితాలు చెప్పింది. అందులో లూపస్ ఉన్న ఎనిమిదిమందికీ జబ్బు అణిగింది, మందులన్నీ ఆపేశారు. నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది మరొకటి. కొన్ని నెలలకి బీ కణాలు మళ్ళీ పుట్టాయి, కానీ పాత పగ మరిచిపోయిన కొత్త కణాలుగా పుట్టాయి. అంతకుముందు రిటుక్సిమాబ్ కూడా బీ కణాలనే చంపేది. సీడీ-20 గుర్తుని పట్టుకునేది. రక్తంలో బీ కణాలు కనబడకుండా పోయినా, లింఫు గ్రంథుల్లో చాలా మిగిలిపోయేవి. లూపస్ మీద దాని పెద్ద ట్రయల్స్ గట్టెక్కలేదు.

మన దేశంలోనూ ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన కార్-టీకి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. అది కొన్ని రక్తకేన్సర్లకి. అమెరికా ఖర్చులో సుమారు పదోవంతే అయినా లక్షల మీద మాట. ఎక్కించేముందు కీమో ఇవ్వాలి. ఆ తర్వాత చాలాకాలం ఇన్‌ఫెక్షన్ల భయం. మాస్టారి అమ్మాయికి మూత్రంలో ప్రోటీన్ లేదు, రక్తపరీక్షలు నిలకడగా ఉన్నాయి, రెండు మాత్రల మీద బ్యాంకు ఉద్యోగం చేసుకుంటోంది. ఈ అమ్మాయికి ఇది వద్దని గట్టిగానే చెప్పాను. "మరెవరికండీ?" అన్నారాయన.

అలాంటివాళ్ళు ఉన్నారు. మైకోఫినోలేట్, సైక్లోఫాస్ఫమైడ్, రిటుక్సిమాబ్ అన్నీ అయిపోయి, కిడ్నీలు ఇంకా నిప్పు మీదే ఉన్న ఒక అమ్మాయి అప్పుడు మా వార్డులోనే ఉంది. ఆమె బయాప్సీ రిపోర్టులన్నీ జతచేసి, కార్-టీ ట్రయల్‌కి పనికొస్తుందేమో చూడమని తెలిసిన రక్తరోగ నిపుణులకి రాశాను. ముందు టీబీ దాగి లేదని తేల్చమన్నారు, అండాలు భద్రపరిచే విషయం కుటుంబంతో మాట్లాడమన్నారు, టీకాలు పూర్తి చేయమన్నారు. న్యుమోనియా టీకా వేశాం. అండాల మాట ఎత్తినప్పుడు వాళ్ళమ్మ, పిల్లకి ఇంకా పెళ్ళే కాలేదంది. ఆ అమ్మాయి మాత్రం కాగితం తన దగ్గరికి లాక్కుని, ఎంత ఖర్చవుతుందో, ఎన్నాళ్ళు పడుతుందో ఒక్కొక్కటే అడిగి రాసుకుంది.