బెల్లు కొట్టే పిల్లోడు

రండి, ఇట్లా కూర్చోండి. డిసెంబరు వచ్చిందంటే మా కలికిరి వైపు పొద్దెక్కినా చలి వదలదు. మదనపల్లె సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. ఆ కుంపటి కాస్త ఇటు జరపండి. ఈ పూట మిషన్ బళ్ళ కబుర్లు చెప్పుకుందాం.

మీరు మిషన్ బళ్ళో చదవకపోయినా దాని బెల్లు వినే ఉంటారు. బెల్లంటే పెద్ద కంచుగంట అనుకునేరు! వరండా దూలానికి కట్టిన రైలు పట్టా ముక్క, దాన్ని మోదడానికి ఒక ఇనప కడ్డీ, అంతే. ఆ కడ్డీ ఎవరి చేతికిచ్చేవాళ్ళో తెలుసా? ఫస్టు మార్కులోడికి కాదు. రోజూ ప్రేయరు అయిపోయాక గోడవార నక్కి నక్కి వచ్చేవాడుంటాడే, తెలివైన అయ్యవారైతే వాడికే ఇచ్చేవాడు. ఇంక వాడు ఆలస్యంగా ఎట్లా వస్తాడు? వాడు రాకపోతే బడే మొదలు కాదాయె! ఆలస్యంగా వచ్చినందుకు బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళు నాకు చాలామందే తెలుసు. దాంతో బాగుపడ్డవాడు మాత్రం ఒక్కడూ కనపళ్ళేదు.

ఈ బళ్ళు మన సీమకి ఎట్లా వచ్చాయంటారా? అమెరికాలోని రిఫార్మ్డ్ చర్చి వాళ్ళు, స్కడ్డర్ అన్నదమ్ములు, 1853లో ఆర్కాటు మిషన్ పెట్టారు. అది కిందనుంచి పాకుతూ మదనపల్లె, పుంగనూరు దాకా వచ్చింది. మదనపల్లెలో దాన్ని నిలబెట్టింది జేకబ్ చాంబర్లిన్ దొర. ఆయన పాదిరీ, వైద్యుడూ కూడా. ఒక చేత మందు, ఒక చేత పుస్తకం. తెలుగు బైబిలును సవరించే పనిలో ఏళ్ళ తరబడి కూర్చున్నాడు. 1908లో ఇక్కడే, మదనపల్లెలోనే పోయాడు. మదనపల్లె హోప్ హైస్కూలు కూడా ఆ మిషన్ చలవే. 1947లో దక్షిణ ఇండియా సంఘం, అదే సి.ఎస్.ఐ., ఏర్పడ్డాక ఈ వైపు మిషన్ సంఘాలు అందులో కలిసిపోయాయి.

అదే ఊళ్ళో 1915లో అనీబిసెంటమ్మ మనుషులు దివ్యజ్ఞాన కళాశాల, అదే థియోసాఫికల్ కాలేజీ, పెట్టారు. 1919లో రవీంద్రుడు అక్కడికొచ్చి ఉన్నాడు. జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఆ ఆవరణలోనే. కాలేజీ ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ గారు ఆ పాటకు స్వరాలు రాసిపెట్టారు. అంటే ఈనాడు మిషన్ బడి అసెంబ్లీలో ప్రార్థన చేసి, చివర జనగణమన పాడుతున్న పిల్లలు తమ ఊళ్ళోనే స్వరాలు రాసిపెట్టిన పాట పాడుతున్నారన్నమాట. క్రైస్తవ బడి పిల్లోడి నోట దివ్యజ్ఞానుల కాగితం మీది రాగం! మదనపల్లెకి ఇట్లాంటి చిత్రాలు అలవాటే లెండి.

ఇంతకీ ఆ బళ్ళల్లో పిల్లలు ఎదిగేదెట్లా? చాలామంది స్క్రిప్చర్ క్లాసు వల్ల అంటారు. నేను ఒప్పుకోను. వచనాలు బట్టీపట్టించి చీటీలు పంచే క్లాసు గురించి నాకు పెద్ద గౌరవం లేదు. పరీక్ష కోసం నేర్చిన దేవుడు పరీక్షతోనే వెళ్ళిపోతాడు. బలవంతం మాటకొస్తే మన రాజ్యాంగమే తేల్చి చెప్పింది. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బళ్ళో మతబోధకు కూర్చోవాలని ఎవరినీ బలవంతం చేయరాదు, మైనరైతే సంరక్షకులు ఒప్పుకోవాలి. ఇరవై ఎనిమిదో అధికరణం మూడో ఖండం, కావాలంటే చూసుకోండి. మంచి మిషన్ బళ్ళు దీన్ని భారంగా అనుకోలేదు. క్రైస్తవ పిల్లలు బైబిలు చదువుతుంటే పక్క గదిలో మిగతావాళ్ళు నీతిపాఠం చదివేవాళ్ళు, అంతే. ఆట బెల్లు కొట్టాక అందరూ ఒకే గ్రౌండు.

ఆ గ్రౌండు కథే అసలు కథ. బాస్కెట్‌బాల్ 1891లో, వాలీబాల్ 1895లో పుట్టాయి. రెండూ అమెరికాలో వై.ఎం.సి.ఏ. వాళ్ళ చేతుల్లోనే పుట్టాయి. చలికాలం గదిలో కుర్రాళ్ళని ఏం చేయాలో తోచక ఒక మాస్టరు బాల్కనీకి బుట్ట కట్టాడు, అదీ బాస్కెట్‌బాల్ ఆరంభం. తర్వాత 1920లో హారీ బక్ అనే ఆయన మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల పెట్టాడు. 1924 ఒలింపిక్సుకి మన అథ్లెట్లను తయారుచేసింది ఆయనే. అక్కడ చదివిన డ్రిల్లు మాస్టర్లు దక్షిణాది బళ్ళల్లోకి చేరారు. పల్లె నుంచి వచ్చిన పిల్లోడు మొదటిసారి వేరే కులమోడి చేతిలోంచి బంతి అందుకున్నది వాలీబాల్ నెట్టు దగ్గరే. ఆ ఆట నియమమే అంత, మామూలుగా ఒకడే వరసగా రెండుసార్లు తాకకూడదు, బంతి ఇంకొకడికి వదలాల్సిందే. ఆ ఒక్క నియమం పదో తరగతి దాకా విన్న ప్రసంగాలకన్నా ఎక్కువ పని చేసిందని నా అనుమానం.

ఇంకోటుంది. నోరు విప్పడం. అసెంబ్లీలో ఆ రోజు వాక్యం చదవాలి, కీర్తన ఎత్తుకోవాలి. పురుషోత్తమ చౌధరి గారు పందొమ్మిదో శతాబ్దంలో మన శాస్త్రీయ రాగాల్లో కీర్తనలు కట్టారు కాబట్టి బతికిపోయాం. ఏదో దొరల బాణీ అయ్యుంటే మన పిల్లలకి శ్రుతి ఎక్కడ కుదిరేది! కుప్పం వైపు పిల్లలకి ఇంకో సదుపాయం, తెలుగు, తమిళం, కన్నడం మూడూ చెవిన పడుతూనే పెరుగుతారు. ఇంట్లో నలుగురి ముందు నోరెత్తని ఆడపిల్ల ఆరేడు వందల మంది ఎదుట మైకు ముందు నిలబడి చదివిందంటే, ఆ సాయంత్రం ఆమె నడకే వేరు. వాళ్ళమ్మని అడిగి చూడండి.

లెక్కల సంగతికొస్తే, చర్చిలో కోత పండుగ చూశారా? గుమ్మడికాయలు, కోళ్ళు, చెనిక్కాయ మూటలు, మా వైపైతే టమోటా పెట్టెలు గుడికి తెచ్చి పెడతారు, ఆరాధన అయ్యాక వేలం. లెక్క రాసేది పై తరగతుల పిల్లలైతే ఆ తమాషా చూడాలి. ఒక పుంజుకి పాట మార్కెట్టు ధరకి మూడింతలు పోతుంటే, లెక్కల్లో వెనకబడినోడు కూడా ఒక్క రూపాయి తప్పకుండా రాస్తాడు. మనసుంటే లెక్కలు వస్తాయి సార్, సిలబస్సులోనే రావు!

ఇక ఈ నెలంతా క్రిస్మస్ నాటకం గొడవ. జ్ఞానులు ముగ్గురే కదా, తళతళలాడే అంగీలున్నవి వాళ్ళకే. అందుకని ముప్పై మంది జ్ఞానులవుతామంటారు. గొర్రెల కాపరులకి ఇంట్లో తాత కంబళి చాలు కాబట్టి దానికి ఎవరూ ముందుకు రారు. హేరోదు వేషానికి మాత్రం ఎప్పుడూ కరువుండదు, గట్టిగా అరవొచ్చు కదా. నన్నడిగితే మీ పిల్లోడికి హేరోదు ఇస్తే వద్దనకండి. బడి మొత్తం మీద అయ్యవారి అనుమతితో కేకలేసేది వాడొక్కడే. మా అక్క మనవడు నిరుడు అదే వేషం వేశాడు, ఈ ఏడు కూడా అదే కావాలని ఇంట్లో అన్నం మానేసి కూర్చున్నాడు. వాళ్ళ టీచరు మటుకు వాడికి ఈసారి యోసేపు ఇచ్చింది. నాటకమంతా ఒక్క మాటా లేదు. ఎల్లుండే ప్రోగ్రాం, మీరూ వస్తే చూద్దాం వాడు ఎంతసేపు నోరుమూసుకుంటాడో.